సొంత నోటు ఉన్న దేశాల బడ్జెట్లను పోల్చే పద్ధతి

2021లో జపాన్ ప్రభుత్వ అప్పు ఆ దేశ జీడీపీకి దాదాపు రెండున్నర రెట్లు. శ్రీలంక అప్పు 2021 చివరినాటికి జీడీపీకి ఇంచుమించు సమానం. అయినా 2022 ఏప్రిల్ 12న విదేశీ అప్పులు కట్టలేమని చేతులెత్తేసింది శ్రీలంక. అదే రోజుల్లో జపాన్ పదేళ్ల బాండ్ల మీద ఒక శాతం వడ్డీ కూడా ఇవ్వకుండా అప్పు తెచ్చుకుంటోంది. రెండింటికీ సొంత కరెన్సీ ఉంది, సొంత కేంద్ర బ్యాంకు ఉంది.

అప్పు, జీడీపీ శాతాలను వరసగా పేర్చి ఏ దేశం నిలదొక్కుకుంది, ఏది మునుగుతోంది అని తేల్చేసే పట్టికలు పత్రికల్లో, టీవీ చర్చల్లో రోజూ కనబడతాయి. వాటితో ఏమీ తేలదనడానికి పై ఉదాహరణ ఒక్కటి చాలు. తన నోటు తానే వేసుకునే ప్రభుత్వానికి ఆ నోట్ల కొరత రాదు. వేసుకోలేనివాటి కొరత వస్తుంది: డాలర్లు, చమురు, మందులు, ఎరువులు, పనిచేసే మనుషులు. అందుకే లోటు ఎంత శాతం అన్నది చివర్లో చూడాల్సిన అంకె. అంతకుముందు ఆ కరెన్సీ ఎంతవరకు సొంతం, లెక్క ఎవరెవరి ఖాతాలది, అప్పు ఎవరి చేతిలో ఉంది అన్నవి తేల్చుకోవాలి. ఈ వ్యాసం ఆ క్రమంలోనే సాగుతుంది.

ముందు కరెన్సీని జల్లెడ పట్టండి

కాగితం మీద సొంత కరెన్సీ ఉన్న దేశాలన్నీ ఒక్క కోవకు రావు. ప్రతి దేశానికీ మూడు ప్రశ్నలు వేయండి. నోటు ఎవరు వేస్తారు? దాని మారకపు రేటును మరో కరెన్సీకి కట్టేశారా? ప్రభుత్వ అప్పులో విదేశీ కరెన్సీ వాటా ఎంత?

మొదటి ప్రశ్నతోనే గ్రీసు, స్పెయిన్, ఇటలీ పక్కకు పోతాయి. యూరో వాళ్లు వేసేది కాదు. 2000లో డాలరునే తన కరెన్సీగా పెట్టుకున్న ఈక్వడార్ కూడా అంతే. రెండో ప్రశ్న దగ్గర కొన్ని దేశాలు సగం సొంతంగా మిగులుతాయి. డెన్మార్క్ తన క్రోన్‌ను యూరోకు కట్టింది. హాంకాంగ్ 1983 నుంచి అమెరికా డాలరుకు 7.80 దగ్గర నిలబెడుతోంది. నేపాల్ 1993 నుంచి మన 100 రూపాయలకు 160 నేపాలీ రూపాయల లెక్కన నడుస్తోంది. ఇలా కట్టేసుకున్న దేశంలో ప్రభుత్వం ఖర్చు పెంచితే దిగుమతులు పెరిగి విదేశీ మారక నిల్వలు కరుగుతాయి. కట్టు నిలవాలంటే వడ్డీ పెంచాలి, లేదా ఖర్చు తగ్గించుకోవాలి. నోటు సొంతమే గానీ విధానం మొత్తం సొంతం కాదు.

మూడో ప్రశ్న అన్నిటికన్నా బరువైనది. అమెరికా, జపాన్, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా ప్రభుత్వాలు దాదాపు పూర్తిగా సొంత కరెన్సీలోనే అప్పు చేస్తాయి. భారత కేంద్ర ప్రభుత్వం కూడా ఈ విషయంలో వాటి పక్కనే ఉంటుంది. విదేశీ కరెన్సీ అప్పు దాని మొత్తం అప్పులో చాలా చిన్న ముక్క. శ్రీలంక, అర్జెంటీనా అలా కాదు.

సొంత కరెన్సీలో చేసిన అప్పు ఎగవేతకు గురికాదని కొందరు నియమంలా చెబుతారు. అది తప్పు. 1998 ఆగస్టు 17న రష్యా తన రూబుల్ బాండ్ల చెల్లింపులనే ఆపేసింది. కొత్త రూబుళ్లు వేసి కడితే అవి డాలర్లలోకి మారి, కాపాడుకుంటున్న మారకపు రేటు కూలిపోతుంది. చివరికి రేటునూ వదిలేసింది, అప్పునూ ఎగ్గొట్టింది. మీ పట్టికలో 'సొంత కరెన్సీ: అవును, కాదు' అనే గడి పెట్టవద్దు. 'తేలే రేటు (మార్కెట్‌కు వదిలేసినది), కట్టిన రేటు' అని ఒకటి, 'విదేశీ కరెన్సీ అప్పు వాటా' అని ఒకటి పెట్టండి.

ఎవరి ఖాతా లెక్కిస్తున్నారు?

పోలికల్లో ఎక్కువగా దొర్లే తప్పు ఇక్కడిదే. భారత్‌లో బడ్జెట్ రోజు వినబడే ద్రవ్యలోటు కేంద్రానిది మాత్రమే. రాష్ట్రాల లోటు అందులో ఉండదు. రెండూ కలిపితే 2023–24లో 5.6 శాతంగా కనబడిన లోటు 8 శాతం ప్రాంతానికి చేరుతుంది. అప్పు కూడా అంతే: కేంద్రానిది జీడీపీలో 57 శాతం దాపున ఉంటే, రాష్ట్రాలతో కలిపి 80 శాతం దాటుతుంది. బ్రిటన్‌లో చాలావరకు ఖర్చు, అప్పు లండన్ ఖాతాలోనే ఉంటాయి. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాలకూ రోజువారీ బడ్జెట్‌ను సమతూకంలో ఉంచాలన్న నిబంధన ఉంది. కాబట్టి మన కేంద్రం లోటును వాషింగ్టన్ లోటుతో పోలిస్తే మన రాష్ట్రాల లోటు మాయమైపోతుంది.

అందుకు వాడాల్సింది అంతర్జాతీయ ద్రవ్య నిధి ఏటా ఏప్రిల్‌లో, అక్టోబరులో విడుదల చేసే వరల్డ్ ఎకనామిక్ ఔట్‌లుక్ డేటాబేస్‌లో 'జనరల్ గవర్నమెంట్' అన్న వరస. కేంద్రం, రాష్ట్రాలు, స్థానిక సంస్థలు అన్నీ కలిపిన లెక్క అది. ఉచితంగా దొరుకుతుంది, స్ప్రెడ్‌షీట్‌లోకి దించుకోవచ్చు. 'నెట్ లెండింగ్/బారోయింగ్' అన్నది లోటు; అంకె ముందు మైనస్ ఉంటే లోటని అర్థం. 'ప్రైమరీ' అన్న మాట చేరితే వడ్డీ తీసేసిన లోటు. కొన్ని దేశాలకు ఈ వరస కింద కేంద్రం లెక్కే ఉంటుంది. ప్రతి అంకె పక్కన ఉండే వివరణ చదవకుండా ముందుకెళ్లవద్దు.

సొంతంగా కూడుకోవాలనుకుంటే ఒక జాగ్రత్త. మన కేంద్రం మూలధన వ్యయంలో రాష్ట్రాలకిచ్చే 50 ఏళ్ల వడ్డీలేని రుణాలు కూడా ఉంటాయి. ఆ సొమ్ము కేంద్రం లోటులోనూ పడుతుంది, దాన్ని ఖర్చుపెట్టిన రాష్ట్రం లోటులోనూ పడుతుంది. కలిపేటప్పుడు ఒకసారి తీసేయాలి.

నిర్వచనాల తేడాలు కూడా లోటును అటూఇటూ జరుపుతాయి. ప్రభుత్వ రంగ సంస్థల వాటాలు అమ్మితే వచ్చిన డబ్బును మన బడ్జెట్ అప్పుకాని రాబడిగా చూపి లోటు తగ్గిస్తుంది. ద్రవ్య నిధి దాన్ని లోటు పూడ్చుకునే మార్గంగానే చూస్తుంది, కాబట్టి దాని లెక్కలో లోటు తగ్గదు. మన ఆర్థిక శాఖ అంకె, ద్రవ్య నిధి అంకె కలవకపోతే ఎవరో అబద్ధమాడారని కాదు, ముందు ఇక్కడ వెతకండి. రిజర్వ్ బ్యాంకు మిగులు మరొకటి: 2025 మేలో కేంద్రానికి 2,68,590 కోట్ల రూపాయలు బదిలీ చేసింది. అది జీడీపీలో 0.7 శాతం పైనే. అమెరికా ఫెడరల్ రిజర్వ్ అందుకు భిన్నంగా 2022 సెప్టెంబరు నుంచి నష్టాల్లోకి వెళ్లి, ఖజానాకు ఏటా పంపే సొమ్ము దాదాపు ఆగిపోయింది. రెండు లోట్లనూ పోల్చేటప్పుడు కేంద్ర బ్యాంకు ఇచ్చిన సొమ్మును విడిగా రాసుకుంటే, పన్నులతో నిజంగా ఎంత వస్తోందో తెలుస్తుంది.

ఆర్థిక సంవత్సరాలు కలవవన్నది అందరికీ తెలిసినా పట్టికల్లో ఎవరూ పట్టించుకోరు. మనది, జపాన్‌ది ఏప్రిల్ నుంచి మార్చి. అమెరికాది అక్టోబరు నుంచి సెప్టెంబరు. పాకిస్థాన్, బంగ్లాదేశ్, ఆస్ట్రేలియాలది జూలై నుంచి జూన్. శ్రీలంకది క్యాలెండర్ ఏడాది. మామూలు ఏళ్లలో పెద్ద నష్టం లేదు. 2020 లాంటి ఏడాదిలో మాత్రం మూడు నెలల తేడా మొత్తం కథను మార్చేస్తుంది. అలాగే ఒక దేశానికి బడ్జెట్ అంచనాలు, మరో దేశానికి ముగిసిన ఏడాది వాస్తవ లెక్కలు పెట్టవద్దు. రెండింటికీ వాస్తవాలే తీసుకోండి, ఏడాది పాతబడినా సరే.

ఒక లెక్క చేసి చూద్దాం

భారత కేంద్ర ప్రభుత్వం 2023–24 వాస్తవ లెక్కలు, అమెరికా ఫెడరల్ ప్రభుత్వం 2024 సెప్టెంబరుతో ముగిసిన ఏడాది లెక్కలు తీసుకుందాం.

భారత్: రెవెన్యూ రాబడి సుమారు 27.29 లక్షల కోట్లు, వడ్డీ చెల్లింపులు 10.64 లక్షల కోట్లు, ద్రవ్యలోటు 16.55 లక్షల కోట్లు, అంటే జీడీపీలో 5.6 శాతం.

అమెరికా: రాబడి 4.92 ట్రిలియన్ డాలర్లు, నికర వడ్డీ 0.88 ట్రిలియన్, లోటు 1.83 ట్రిలియన్, అంటే జీడీపీలో 6.4 శాతం.

లోట్లు చూస్తే ఇద్దరూ ఇంచుమించు ఒక్కచోటే ఉన్నారు. ఇప్పుడు వడ్డీ తీసేయండి. భారత్‌కు 16.55 లోంచి 10.64 పోతే 5.91 లక్షల కోట్లు మిగిలింది, జీడీపీలో 2 శాతం. అమెరికాకు 0.95 ట్రిలియన్, 3.3 శాతం. ఈ ప్రాథమిక లోటే ఈ ఏటి ప్రభుత్వం ఈ ఏడు తీసుకున్న నిర్ణయాలకు దగ్గరగా ఉండే అంకె. వడ్డీ అన్నది పాత ప్రభుత్వాలు చేసిపోయిన అప్పుల బిల్లు. ఆ మేరకు చూస్తే ఆ ఏడాది వాషింగ్టన్ చేయి ఢిల్లీ కంటే వదులుగా ఉంది.

ఇక వడ్డీని రాబడితో భాగించండి. అమెరికా రాబడిలో 18 శాతం వడ్డీకి పోయింది. భారత కేంద్రానికి 39 శాతం. ఈ అంకెను అలాగే వాడితే మనకు అన్యాయం: మన రెవెన్యూ రాబడి రాష్ట్రాల పన్నుల వాటా ఇచ్చేశాక మిగిలినది. అయినా రాష్ట్రాలను కలిపి చూసినా మన వడ్డీ భారం అమెరికా కంటే బరువుగానే ఉంటుంది. కారణం అప్పు ఎక్కువై కాదు, జీడీపీతో పోల్చితే మనకు వసూలయ్యే పన్ను తక్కువై, అప్పు మీద వడ్డీ రేటు ఎక్కువై.

వడ్డీ, రాబడి నిష్పత్తి మీద ఇంత నొక్కి చెప్పడానికి ఒక కారణముంది. జీడీపీ అన్న భాజకం కదులుతూ ఉంటుంది. 2014 ఏప్రిల్‌లో నైజీరియా తన జీడీపీ లెక్కకు ఆధార సంవత్సరాన్ని 1990 నుంచి 2010కి మార్చింది. 2013 జీడీపీ ఒక్కసారిగా 89 శాతం పెరిగింది. అప్పు, జీడీపీ నిష్పత్తి ఆ రోజు దాదాపు సగానికి పడిపోయింది. కట్టాల్సిన అప్పులో గానీ, వసూలైన పన్నులో గానీ ఒక్క నైరా తేడా లేదు. పాత శ్రేణి జీడీపీతో లెక్కించిన శాతాన్ని కొత్త శ్రేణి శాతం పక్కన పెడితే లేని మెరుగుదల కనబడుతుంది. వడ్డీ, రాబడి రెండూ ఖజానాలో లెక్కపెట్టే సొమ్ములే కాబట్టి ఈ మోసం అక్కడ జరగదు.

అప్పు లోపల ఏముంది

మొత్తం (స్థూల) అప్పు వేరు, ప్రభుత్వ ఆస్తులు తీసేశాక మిగిలే నికర అప్పు వేరు. అమెరికా స్థూల అప్పులో ప్రభుత్వం తన సామాజిక భద్రతా నిధుల వంటివాటికే బాకీ ఉన్నది ట్రిలియన్ల కొద్దీ ఉంటుంది. అందుకే స్థూలంగా జీడీపీలో 120 శాతం పైన కనబడేది, ప్రజల చేతిలో ఉన్న అప్పుగా చూస్తే 100 శాతం దగ్గరికి దిగుతుంది. జపాన్ ప్రభుత్వానికి పింఛను నిధులు, విదేశీ నిల్వల రూపంలో భారీ ఆస్తులున్నాయి. నికర అప్పు స్థూల అప్పు కంటే చాలా తక్కువ. ఒక దేశానికి స్థూలం, ఇంకో దేశానికి నికరం పెట్టిన పట్టికలు తరచూ కనబడతాయి.

తర్వాత కేంద్ర బ్యాంకు వాటా. జపాన్ ప్రభుత్వ బాండ్లలో దాదాపు సగం బ్యాంక్ ఆఫ్ జపాన్ దగ్గరే ఉన్నాయి. ఆ సగాన్ని అసలు అప్పే కాదని కొట్టేయాలని కొందరంటారు. సరికాదు. కేంద్ర బ్యాంకు బాండు కొన్నప్పుడు దానికి బదులుగా వాణిజ్య బ్యాంకుల ఖాతాల్లో డబ్బు వేస్తుంది. ఆ డబ్బు మీద రోజువారీ రేటు ప్రకారం వడ్డీ ఇవ్వాల్సి వస్తుంది. పదేళ్లకు ఖాయమైన వడ్డీ ఉన్న అప్పు, రేపే మారగల వడ్డీ ఉన్న అప్పుగా మారిపోయిందన్నమాట. బ్రిటన్‌లో ఇది కళ్లారా కనబడింది: రేట్లు తక్కువున్న ఏళ్లలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ బాండ్ల పథకం ఖజానాకు 120 బిలియన్ పౌండ్లకు పైగా ఇచ్చింది, 2022లో రేట్లు పెరిగాక ఆ నష్టాలను ఖజానా పూడ్చాల్సి వచ్చింది.

గడువు కూడా రాసుకోండి. బ్రిటన్ బాండ్ల సగటు గడువు సుమారు 14 ఏళ్లు, అమెరికాది సుమారు 6 ఏళ్లు. గడువు తక్కువైతే వడ్డీ రేట్ల పెరుగుదల ఖజానాను త్వరగా తాకుతుంది. కానీ బ్రిటన్ అప్పులో పావు వంతు దాకా ధరల సూచీకి ముడిపెట్టినవి. ద్రవ్యోల్బణం పెరిగితే అసలే పెరుగుతుంది. అందుకే అంత పొడవాటి గడువు ఉండి కూడా 2022–23లో బ్రిటన్ వడ్డీ ఖర్చు 100 బిలియన్ పౌండ్లు దాటింది. ధరలు పెరిగితే అప్పు కరిగిపోతుందన్న మాట ఇలాంటి బాండ్లకు వర్తించదు.

లోటు లేకుండానే అప్పు పెరగడం కూడా చూస్తారు. 2004 ఏప్రిల్‌లో మన దగ్గర మొదలైన మార్కెట్ స్థిరీకరణ పథకం అలాంటిది. అప్పటి రిజర్వ్ బ్యాంకు గవర్నర్ వై.వి.రెడ్డి. వెల్లువెత్తుతున్న డాలర్లను బ్యాంకు కొంటుంటే మార్కెట్లో రూపాయలు పేరుకున్నాయి. వాటిని పీల్చేయడానికి ప్రభుత్వం బాండ్లు అమ్మి, వచ్చిన సొమ్మును ఖర్చుపెట్టకుండా రిజర్వ్ బ్యాంకులో విడి ఖాతాలో ఉంచింది. అప్పు పెరిగింది, ఎదురుగా నగదు కూడా ఉంది. రెండేళ్ల అప్పు తేడా ఆ ఏటి లోటుతో కలవకపోతే ఇలాంటివి వెతకండి: మారకపు రేటు, నగదు నిల్వలు, ప్రభుత్వం నెత్తిన వేసుకున్న కార్పొరేషన్ల బాకీలు.

వడ్డీకీ వృద్ధికీ మధ్య తేడా

అప్పు నిష్పత్తి ఎటు పోతుందో అంచనాకు చిన్న సూత్రం చాలు. సగటు వడ్డీ రేటు లోంచి నామమాత్రపు (ధరల పెరుగుదల కూడా కలిసిన) జీడీపీ వృద్ధి రేటు తీసేయండి. దాన్ని ఒకటికి వృద్ధి కలిపిన అంకెతో భాగించి, నిరుటి అప్పు నిష్పత్తితో హెచ్చించండి. దానికి ప్రాథమిక లోటు కలపండి. వచ్చింది ఈ ఏటి మార్పు.

ఊహకు: అప్పు 80 శాతం, వడ్డీ 7, వృద్ధి 10, ప్రాథమిక లోటు 2.5 అనుకుందాం. 0.07 లోంచి 0.10 పోతే మైనస్ 0.03. దాన్ని 1.10తో భాగించి 80తో హెచ్చిస్తే మైనస్ 2.2. ప్రాథమిక లోటు 2.5 కలిపితే అప్పు 0.3 మాత్రమే పెరుగుతుంది. లోటు మొత్తం 8 శాతం దగ్గరున్నా అప్పు నిష్పత్తి దాదాపు కదలదు. ఇప్పుడు అప్పు 250, వడ్డీ 1, వృద్ధి 3 పెట్టండి: అప్పు నిష్పత్తి దానంతటదే ఏటా 4.9 తగ్గుతుంది. వడ్డీ 3, వృద్ధి 1 అని తిరగేయండి: ఏటా 5 పెరుగుతుంది. అప్పు పెద్దదైన దేశం ఈ తేడా మీద ఎంత ఆధారపడి ఉందో ఇక్కడ తెలుస్తుంది.

రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ఒకటి, ఇవాళ్టి బాండు రాబడిని, అంటే కొత్త అప్పుకు మార్కెట్ అడిగే వడ్డీ రేటును, మొత్తం అప్పుకు వేయడం. కావలసింది ఈ ఏటి వడ్డీ ఖర్చును నిరుటి అప్పుతో భాగిస్తే వచ్చే సగటు. రెండు, ద్రవ్యోల్బణం తీసేసిన వృద్ధిని నామమాత్రపు వడ్డీతో జత కలపడం. రెండూ నామమాత్రపువైనా ఉండాలి, రెండూ నిజమైనవైనా ఉండాలి.

అప్పులో విదేశీ కరెన్సీ ఉంటే మరో ముక్క చేర్చాలి. అప్పు 100, అందులో 45 డాలర్లది, మారకపు రేటు డాలరుకు 200 నుంచి 360కి పడింది అనుకోండి. ఆ 45 కాస్తా 81 అవుతుంది. ఒక్క రూపాయి కొత్త అప్పు లేకుండా నిష్పత్తి 36 పెరిగింది.

విధానం వదులా, బిగువా

లోటు పెరిగిందంటే ప్రభుత్వం ఖర్చు పెంచిందని అర్థం కాదు. మాంద్యంలో పన్నులు వాటంతటవే పడిపోతాయి, నిరుద్యోగ భృతి వాటంతటదే పెరుగుతుంది. స్వీడన్‌లో ఇలాంటి ఏర్పాట్లు ముందే బలంగా ఉన్నాయి కనుక సంక్షోభంలో ప్రకటించే ప్యాకేజీ చిన్నగా కనబడుతుంది. అమెరికా ప్రతిసారీ కొత్త చట్టం చేయాల్సి వస్తుంది, ప్యాకేజీ పెద్దగా కనబడుతుంది. అందుకే ఆర్థిక చక్రం ప్రభావాన్ని తీసేసిన ప్రాథమిక లోటును తీసుకుని, ఏడాదికేడాది అందులో వచ్చిన మార్పు చూడాలి. ద్రవ్య నిధి ఫిస్కల్ మానిటర్‌లో ఈ వరసలు దొరుకుతాయి. అవి అంచనాలు, తర్వాత సవరిస్తారు. అర శాతం తేడాను పట్టుకుని వాదించవద్దు. నార్వేకు మాత్రం ఇది కూడా సరిపోదు. చమురు డబ్బు వల్ల దాని ఖాతా దాదాపు ఎప్పుడూ మిగులులో ఉంటుంది కాబట్టి, చమురు తీసేసిన లోటును చమురేతర జీడీపీతో పోల్చాలి.

ప్యాకేజీల మొత్తాలను అసలే పోల్చవద్దు. 2020 మేలో మన ప్రభుత్వం ప్రకటించిన ఆత్మనిర్భర్ ప్యాకేజీ 20.97 లక్షల కోట్లు, జీడీపీలో 10 శాతమన్నారు. అందులో 8.01 లక్షల కోట్లు రిజర్వ్ బ్యాంకు చర్యలవి. 3 లక్షల కోట్లు చిన్న పరిశ్రమలకు బ్యాంకులిచ్చే రుణాలకు ప్రభుత్వ హామీ. ఖజానా నుంచి నేరుగా వెళ్లింది అందులో కొంతే. అమెరికా 2021 మార్చిలో చేసిన 1.9 ట్రిలియన్ డాలర్ల చట్టంలో మాత్రం అత్యధిక భాగం నేరు ఖర్చే. ఖర్చు, పన్ను మినహాయింపు ఒక గడిలో, రుణాలు, హామీలు ఇంకో గడిలో, కేంద్ర బ్యాంకు చర్యలు పూర్తిగా పట్టిక బయట. ఇలా విడదీయని ప్యాకేజీ అంకెతో పోలిక చేస్తే అది ప్రకటనల పోలికే అవుతుంది.

హద్దు ఎక్కడ తగులుతుందో చూడాలి

ఇక్కడిదాకా చేసినవి తూనికలు. హద్దు ఎక్కడుందో చెప్పేవి ధరలు, విదేశీ మారక నిల్వలు.

శ్రీలంకను దగ్గరగా చూడండి. 2019 డిసెంబరులో వ్యాట్‌ను 15 నుంచి 8 శాతానికి తగ్గించారు. నమోదుకు పరిమితిని ఏడాదికి 1.2 కోట్ల శ్రీలంక రూపాయల వ్యాపారం నుంచి 30 కోట్లకు పెంచారు. దాంతో రేటు తగ్గడమే కాదు, పన్ను కట్టేవాళ్లలో చాలామంది జాబితాలోంచే పోయారు. 2019లో జీడీపీలో 11 శాతం పైనున్న పన్ను రాబడి మరుసటి ఏడు 8 శాతం దగ్గరికి పడింది. కోవిడ్‌తో పర్యాటకం ఆగి డాలర్లు రావడం నిలిచింది. లోటును కేంద్ర బ్యాంకు ట్రెజరీ బిల్లులు కొని పూడ్చింది. రూపాయలకు కొరత లేదు, నిజమే. కానీ అదే కేంద్ర బ్యాంకు డాలరు రేటును 200 దగ్గర పట్టుకుని కూర్చుంది. కొత్త రూపాయలన్నీ ఆ చౌక డాలర్ల కోసం వచ్చాయి. 2019 చివర 7.6 బిలియన్ డాలర్లున్న నిల్వలు 2022 మార్చి చివరికి 2 బిలియన్ల లోపుకు దిగాయి. మార్చిలో రేటు వదిలేశారు. మే నాటికి 360 దగ్గరకు పోయింది. సెప్టెంబరులో కొలంబో ద్రవ్యోల్బణం 69.8 శాతం. 2023లో సొంత రూపాయల్లో ఉన్న బాండ్లను కూడా, పింఛను నిధుల చేతిలో ఉన్నవి సహా, గడువు పెంచి మార్చుకోవాల్సి వచ్చింది. లోటు శాతమొక్కటే చూసినవాడికి ఈ వరసలో ఏదీ కనబడేది కాదు. పన్ను రాబడి పతనం, నిల్వల తరుగుదల, కట్టేసిన రేటు: ఈ మూడూ ఒకే ఏడాది ఒకే దేశం వరసలో కనబడితే ఆగి చూడండి.

బ్రిటన్ 2022 సెప్టెంబరు ఇంకో రకం. 23వ తేదీన అప్పటి ఆర్థిక మంత్రి క్వాసీ క్వార్టెంగ్ 45 బిలియన్ పౌండ్ల పన్ను కోతలు ప్రకటించారు, స్వతంత్ర బడ్జెట్ సంస్థ అంచనాలు లేకుండానే. అప్పటికే ద్రవ్యోల్బణం 10 శాతం దగ్గరుంది. 30 ఏళ్ల బాండు రాబడి కొద్ది రోజుల్లోనే 5 శాతం దాటింది. అరువు సొమ్ముతో బాండ్లు పట్టుకున్న పింఛను నిధులు అదనపు పూచీ కట్టడానికి బాండ్లనే తెగనమ్మసాగాయి. 28న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రంగంలోకి దిగి కొనుగోళ్లు మొదలుపెట్టాకే మార్కెట్ నిలిచింది. ఇక్కడ ఎగవేత భయం లేదు, డాలరు అప్పు లేదు. సరుకులూ మనుషులూ సరిపోని సమయంలో ఇంకా ఖర్చు పోయడానికి చూస్తే కేంద్ర బ్యాంకు వడ్డీ ఎంత పెంచాల్సి వస్తుందో అన్నదే భయం. అదే పన్ను కోత ధరలు నిలకడగా ఉన్న, పనిలేని చేతులున్న ఏడాదిలో వచ్చుంటే ఫలితం వేరుగా ఉండేది. కాబట్టి ప్రతి దేశానికీ ఆ ఏటి ద్రవ్యోల్బణం, నిరుద్యోగం, కరెంటు ఖాతా లోటు (విదేశీ వ్యాపారం, చెల్లింపుల్లో వచ్చేదానికన్నా ఎక్కువగా బయటికి పోయే సొమ్ము), నిల్వలు ఎన్ని నెలల దిగుమతులకు చాలుతాయి అన్న నాలుగు గడులు లేకుండా పట్టిక పూర్తికాదు.

రాష్ట్రాలను దేశాలతో పోల్చేవారికి

2022 నుంచి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అప్పులను శ్రీలంకతో పోల్చడం తెలుగు చర్చల్లో మామూలైపోయింది. ఆ పోలిక రెండు వైపులా తప్పు. రాష్ట్రం రూపాయి వేయలేదు, వడ్డీ రేటు నిర్ణయించలేదు, మారకపు రేటు దాని చేతిలో లేదు. అదే సమయంలో దానికి డాలర్ల కొరత రాదు. రాష్ట్ర ఖజానా ఎలా ఉన్నా విశాఖ రేవులో చమురు దిగుతుంది. రాజ్యాంగంలోని 293(3) ప్రకారం కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కేంద్రం అనుమతి లేకుండా కొత్త అప్పు చేయకూడదు. శ్రీలంకకు అలాంటి పగ్గం లేదు.

రాష్ట్రాన్ని పోల్చాల్సింది మరో రాష్ట్రంతో, దేశంతోనే పోల్చి తీరాలంటే యూరో దేశంతో. రిజర్వ్ బ్యాంకు ఏటా వేసే రాష్ట్రాల బడ్జెట్ల అధ్యయనంలో అన్ని రాష్ట్రాలకూ ఒకే నిర్వచనంతో అంకెలుంటాయి. అక్కడినుంచి అప్పు, రాష్ట్ర జీడీపీ నిష్పత్తితో పాటు వడ్డీ, రెవెన్యూ రాబడి నిష్పత్తి తీసుకోండి. తర్వాత కాగ్ నివేదికల్లోంచి ప్రభుత్వ హామీతో కార్పొరేషన్లు తెచ్చిన అప్పు కలపండి. 2022లో కేంద్రం ఇలాంటి బడ్జెట్ బయటి అప్పులను రాష్ట్రాల రుణ పరిమితిలోనే లెక్కించడం మొదలుపెట్టింది. అంతకుముందు, ఆ తర్వాత ఏళ్ల అంకెలను ఒకే వరసలో పెట్టేటప్పుడు పాత ఏళ్లకు ఆ మొత్తాన్ని మీరే చేర్చాలి.